ఫ్లింట్‌లాక్ వేట రైఫిల్ సొంతంగా తయారు చేసుకోవాలనుకుంటే: ఏ దారి, ఏ లాక్, ఏ క్యాలిబర్?

అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మర్నాడు ఒక జింకల సీజన్ మొదలవుతుంది. 1974 నుంచి నడుస్తోంది. ఆ సీజన్‌లో స్కోప్ కుదరదు, తూటాలు వేసే రైఫిల్ కుదరదు, క్యాప్ పెట్టి పేల్చే మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకీ) కూడా కుదరదు. చెకుముకి రాయి ఉక్కుకి గీసుకుని నిప్పురవ్వలు రాలితే పేలే ఫ్లింట్‌లాక్ ఒక్కటే చెల్లుతుంది. ఈ రాష్ట్రం అలాంటి రూలు పెట్టుకోవడంలో వింతేమీ లేదు. 18వ శతాబ్దంలో లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన జర్మన్ తుపాకీ పనివాళ్లు తమ దేశపు పొట్టి, లావు యేగర్ రైఫిల్‌ని సాగదీసి, సన్నబరిచి, మేపుల్ కర్రలో కూర్చి తయారు చేసిన పొడవాటి రైఫిల్ పుట్టిల్లు ఇదే. తర్వాత జనం దాన్ని కెంటకీ రైఫిల్ అన్నారు గానీ పుట్టింది మాత్రం ఇక్కడే.

ఇటువైపు, అంటే అమెరికాలో, ఉన్న మనవాళ్లలో వేట మీద కాకపోయినా చెక్క పని మీద, చరిత్ర మీద సరదాతో దీని జోలికి వచ్చేవాళ్లు ఉన్నారు. వచ్చినవాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటే: రెడీమేడ్ కొనాలా, కిట్ తెచ్చుకోవాలా, లేక చెక్క దిమ్మ దగ్గర నుంచి మొదలుపెట్టాలా? నా సమాధానం ముందే చెప్పేస్తాను. మొదటి రైఫిల్‌కి కంప్యూటర్ మెషిన్ మీద కోసిన మంచి కిట్ తీసుకోండి, డబ్బు తగ్గించుకోవాల్సి వస్తే చెక్క మీద తగ్గించుకోండి, లాక్ (రవ్వలు రాల్చి మందు అంటించే యంత్రం) మీద మాత్రం పైసా తగ్గించొద్దు. ఎందుకో కింద చెప్తాను. నాతో ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్ల వాదన కూడా ఇస్తాను.

ముందు చట్టం

దీన్ని బట్టి కొందరికి ఈ వ్యాసం ఇక్కడితో అయిపోతుంది కాబట్టి మొదటే చెప్తున్నా. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లు సరదాగా చదువుకోండి, చేతులు మాత్రం పెట్టకండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం నేరం, గొట్టం మూతి నుంచి మందు దట్టించే పాతకాలపుదైనా సరే. మన్యంలో నాటు తుపాకీలు పట్టుకున్నారన్న వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం కదా, అవన్నీ ఈ కేసులే. ఇక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అక్కడ సరదా వేట అన్న మాటే లేదు.

అమెరికాలో పరిస్థితి వేరు. 1968 గన్ కంట్రోల్ చట్టం ఈ రకం తుపాకీలను, వాటి కొత్త నకళ్లను కూడా, 'యాంటిక్' కింద వేసి మామూలు ఫైర్‌ఆర్మ్ నిర్వచనంలోంచి తీసేసింది. అందుకే చాలా రాష్ట్రాల్లో కిట్ పోస్టులో ఇంటికే వస్తుంది. కానీ అది ఫెడరల్ మాట మాత్రమే. రాష్ట్రాల లెక్క వేరు. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో ఈ నకలు మజిల్‌లోడర్ కొనడానికి కూడా ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు కావాలి. ఎడిసన్‌లో కూర్చుని పెన్సిల్వేనియా మిత్రుడి మాట విని ఆర్డర్ పెట్టేస్తే లేనిపోని తలనొప్పి. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి మామూలు తుపాకీ ఉంచుకోవడమే ఫెడరల్ చట్టంలో నిషేధం, వేట లైసెన్సు ఉంటే లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. యాంటిక్ ఆ నిర్వచనంలోకి రాదు కదా అని ధైర్యం చెప్పేవాళ్లు ఉంటారు. కాగితం మీద అది నిజమే అయినా, గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నవాడు ఒక సరదా కోసం ఆ టెన్షన్ నెత్తిన పెట్టుకునే ముందు లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టి అడగడం మంచిది. వేటకి వెళ్లాలంటే ఎలాగూ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, లైసెన్సు, ఆ సీజన్‌కి కావలసిన అదనపు అనుమతి తప్పవు.

రెడీమేడ్, కిట్, దిమ్మ

రెడీమేడ్ గురించి ఎక్కువ చెప్పను. ఇటలీ, స్పెయిన్ ఫ్యాక్టరీల నుంచి వచ్చేవే ఎక్కువ. పెదెర్సోలీ, ఇన్వెస్ట్‌ఆర్మ్స్ ఇటలీవి. ట్రడిషన్స్ పేరుతో అమ్మేవి స్పెయిన్‌లో తయారవుతాయి. 'వచ్చే నెల సీజన్, నాకు తుపాకీ కావాలి' అనే మనిషికి ఇదే దారి, వేరే మాట లేదు. ధర కొన్ని వందల డాలర్ల నుంచి వెయ్యి దాటి దాకా ఉంటుంది. కర్ర లావుగా ఉంటుంది, పాత లాంకాస్టర్ రైఫిల్ పక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అదేమీ నేరం కాదు, జింకకి ఆ సంగతి తెలియదు.

చవక ఫ్యాక్టరీ కిట్ అనే రకం ఒకటుంది, దాన్ని చాలామంది మొదటి మెట్టు అనుకుంటారు. నేను అనుకోను. రెడీమేడ్‌గా అమ్మే రైఫిల్‌నే రంగు వేయకుండా, నునుపు చేయకుండా డబ్బాలో పెట్టి ఇస్తారు. అందులో మీకు మిగిలే పని శాండ్‌పేపర్ పట్టడం, రంగు వేయడం, గొట్టానికి బ్రౌనింగ్ చేయడం (గోధుమరంగు పట్టించడం). కొన్నిటిలో కర్ర రెండు ముక్కలుగా వస్తుంది, అతుకు దగ్గర ఇత్తడి రేకు పెడతారు. ఎంత బాగా చేసినా ఆ అతుకు అతుకే. పైగా ఈ ధరలో వచ్చే లాక్ ఎలా ఉంటుందో చెప్పలేం. ఒకటి బ్రహ్మాండంగా రవ్వలు రాలుస్తుంది, అదే కంపెనీది ఇంకొకటి మొండికేస్తుంది. నెలల తరబడి చెక్కకి మెరుగు పెట్టి చివరికి పేలని తుపాకీ చేతిలో పట్టుకోవడం కంటే, అదే డబ్బుకి పాత రైఫిల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవడం నయం.

ఇక అసలు పోటీ మిగతా మూడింటి మధ్యే ఉంది.

మొదటిది కంప్యూటర్ మెషిన్ మీద కోసిన కిట్. ఒహాయోలోని కిబ్లర్ కిట్లు దీనికి అందరూ చెప్పే ఉదాహరణ. 'కలోనియల్', 'వుడ్స్‌రన్నర్', 'సదరన్ మౌంటెన్' అని రకాలు ఉన్నాయి. కర్రలో గొట్టం కూర్చునే గాడి, లాక్ కూర్చునే గుంట, ట్రిగ్గర్ గాడి అన్నీ ముందే కోసి ఉంటాయి. గొట్టం అందులో పెట్టి వేలితో నొక్కితే ఇట్టే కూర్చుంటుంది. మీకు మిగిలేది ఇత్తడి పోతల్ని ఆకురాయితో సాపు చేయడం, మెషిన్ గీతలు పోయేలా కర్రని గీకడం, రామ్‌రాడ్ (మూతి నుంచి గుండుని లోపలికి దించే కర్ర) సరిచూసుకోవడం, లోహానికి, చెక్కకి ఫినిషింగ్. ధర చెక్కని బట్టి మారుతుంది, వెయ్యి డాలర్లు దాటుతుందని లెక్క వేసుకోండి.

రెండోది పాత పద్ధతి కిట్. కర్ర బయటి ఆకారం దాదాపుగా చెక్కి ఉంటుంది, గొట్టం గాడి, రామ్‌రాడ్ రంధ్రం అయిపోయి ఉంటాయి, లాక్ గుంట చాలావరకు కోసి ఉంటుంది. మిగతావన్నీ మీరే: గొట్టం వెనక తోక, ట్రిగ్గర్, బట్‌ప్లేట్ (భుజానికి ఆనే చివర ఉండే పలక), అవతలి పక్క ఇత్తడి పలక, అన్నీ ఒక్కొక్కటిగా చెక్కలోకి దించాలి. నార్త్ కరోలినాలోని జిమ్ చేంబర్స్ కిట్లు ఈ రకంలో పేరున్నవి. వీటిని డబ్బాలో చూస్తే 'అబ్బే, చాలావరకు అయిపోయింది కదా' అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. మిగిలిన పనిలోనే నేర్పు అంతా ఉంది. బట్‌ప్లేట్ ఇత్తడికి దీపపు మసి పూసి చెక్కకి ఆనించి, మసి అంటిన చోట ఉలితో పొరలాంటిది తీసి, మళ్లీ ఆనించి, మళ్లీ తీసి, వెంట్రుక మందం సందు లేకుండా కూర్చోబెట్టడం అంటే శని, ఆదివారాలు కరిగిపోతాయి. అయితే ఆ పని చేసినవాడికి తుపాకీ లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది, మొదటి రకం కిట్ చేసినవాడికి అంతగా తెలియదు. నాతో ఒప్పుకోనివాళ్ల వాదన ఇదే, అందులో నిజం ఉంది. 'మెషిన్ కోసి ఇచ్చినదాన్ని బిగించి నేనే చేశాను అంటే ఎలా?' అని వాళ్లు అడుగుతారు. వడ్రంగి పని చేయి తిరిగినవాళ్లయితే వాళ్ల మాట వినండి, నా మాట కాదు.

మూడోది చెక్క దిమ్మ నుంచి. గొట్టం, లాక్ కొనుక్కుని మిగతాదంతా చేయడం. గొట్టం కూడా ఇనుప పట్టీని కొలిమిలో కాల్చి చుట్టి అతికించి చేసుకుంటాను అనేవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ పని వర్జీనియాలో కలోనియల్ విలియమ్స్‌బర్గ్ తుపాకీ పనివాళ్ల దుకాణంలో చూసి ఆనందించండి. వాళ్లు ఏళ్ల తరబడి శిక్షణ తీసుకున్నవాళ్లు. మిగతా మనలాంటి వాళ్లం గొట్టాన్ని పేరున్న తయారీదారు దగ్గరే కొనాలి. దీంట్లో నేను రాజీపడను. మందు పేలేది ముఖానికి జానెడు దూరంలో.

దిమ్మ నుంచి చేయడంలో భయపెట్టేది చెక్కడం కాదు, రామ్‌రాడ్ రంధ్రం. నాలుగడుగుల పొడుగు డ్రిల్‌తో గొట్టం గాడి కింద చెక్కలో గుడ్డిగా తోలుకుంటూ పోవాలి. అది చెక్క నార వెంట కొంచెం పైకి పోతే గొట్టం గాడిలోకి పొడుచుకొస్తుంది, కిందికి పోతే బయటికే వచ్చేస్తుంది. సరిగ్గా పోయినా గొట్టానికి, రంధ్రానికి మధ్య మిగిలేది దాదాపు 3 మిల్లీమీటర్ల చెక్క. లాక్‌ని పట్టి ఉంచే ముందు బోల్టు ఆ సన్నటి గోడలోంచే, అటు గొట్టానికీ ఇటు రామ్‌రాడ్‌కీ తగలకుండా, అడ్డంగా దూరి అవతలికి రావాలి. చెక్క దిమ్మ నుంచి పని చేసినవాళ్లు దీని గురించే మాట్లాడుకుంటారు. మొదటి రైఫిల్‌కి ఇది వద్దు అని నేను చెప్పడానికి కారణం కూడా ఇదే. ఒక్క డ్రిల్ తప్పితే చారల మేపుల్ దిమ్మ పొయ్యిలోకే.

నాలుగో దారి కూడా ఉంది, పేరున్న పనివాడికి ఆర్డరిచ్చి చేయించుకోవడం. వేల డాలర్లు, ఏళ్ల నిరీక్షణ. డబ్బుంటే హాయిగా చేయించుకోండి, అందులో పోల్చడానికేమీ లేదు.

లాక్: ఇక్కడ పిసినారితనం వద్దు

ఫ్లింట్‌లాక్ పేలడం చాలా దశల్లో జరుగుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే రాయి పట్టుకున్న కాక్ ముందుకి దూకుతుంది, రాయి అంచు ఫ్రిజెన్ అనే ఉక్కు పలకని పైనుంచి కిందికి గీకుతుంది, ఎర్రగా కాలిన ఉక్కు రజను రాలుతుంది, అదే ఊపులో ఫ్రిజెన్ ముందుకి తెరుచుకుంటే రవ్వలు పళ్లెంలోని రంజకం (అంటించడానికి పోసే కొద్దిపాటి మందు) మీద పడతాయి, అది భగ్గుమని పక్కనున్న చిన్న రంధ్రంలోంచి లోపలి మందుకి అంటుకుంటుంది. మంచి లాక్‌లో ఇదంతా ఒకే చప్పుడులా వినిపిస్తుంది. చెడ్డదాంట్లో 'క్లిక్... ఫుస్స్... ఢాం' అని మూడు ముక్కలుగా. ఆ మధ్యలో మీ కళ్లు మూసుకుపోతాయి, తుపాకీ కదులుతుంది, గుండు ఎటో పోతుంది. అప్పుడు 'నాకు గురి లేదు' అనుకుంటాం. గురి కాదు సమస్య, ఆ మధ్యలోని ఫుస్స్.

కాబట్టి కిట్‌లో లాక్ ఎవరిది అని ముందు అడగండి. చేంబర్స్ వాళ్ల సైలర్ లాక్‌కి చాలాకాలంగా మంచి పేరుంది, కిబ్లర్ తన లాక్‌ని తనే మెషిన్ మీద తయారు చేస్తాడు. ఎల్ అండ్ ఆర్ అనే సౌత్ కరోలినా కంపెనీ రకరకాల పాత నమూనాల లాక్‌లు చేస్తుంది, పాత ఫ్యాక్టరీ రైఫిళ్లలో చెడిపోయిన లాక్ బదులు పెట్టుకునేవి కూడా దొరుకుతాయి. చేతికి రాగానే చేసే పరీక్ష సులువు. తుపాకీలో మందు లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, చీకటి గదిలో లాక్ ఒక్కటీ కొట్టి చూడండి. తెల్లటి రవ్వలు గుత్తిగా పళ్లెం మధ్యలో పడి, పడ్డాక కూడా చిటపటమంటూ ఒక క్షణం బతకాలి. ఎర్రగా, నీరసంగా నాలుగు రాలి గాల్లోనే ఆరిపోతే ఫ్రిజెన్ గట్టిదనం సరిపోలేదు, లేదా రాయి మొద్దుబారింది. ముందు రాయి మార్చి చూడండి, అది చవక.

రాయిలో ఇంగ్లండ్ నల్ల రాయి, ఫ్రాన్స్ తేనెరంగు రాయి, మెషిన్ మీద కోసిన అకీకు (అగేట్) రాయి అని మూడు దొరుకుతాయి. మొదటి రెండూ చేత్తో పగలగొట్టినవి. నాకు నల్లది ఇష్టం. కోసిన అకీకు చూడ్డానికి కొలతపట్టీ పెట్టి గీసినట్టు ఉంటుంది, చాలా రోజులు వస్తుంది గానీ కొన్ని లాక్‌లకి అస్సలు పడదు, ఫ్రిజెన్‌ని గాడులు పడేలా తినేస్తుంది అని ఫిర్యాదు చేసేవాళ్లూ ఉన్నారు. ఏదైనా పలచటి తోలు ముక్కలో చుట్టి బిగించాలి, లేకపోతే దవడల్లో జారుతుంది. పెద్ద సైలర్‌కి మూడు వంతుల అంగుళం రాయి సరిపోతుంది.

రంజకం పోయడంలో ఒక పాత సలహా తరచూ వినబడుతుంది, మందుని రంధ్రానికి దూరంగా పళ్లెం బయటి అంచు వైపు పోయాలి అని. టైమర్లు పెట్టి కొలిచినవాళ్లకి దాదాపు రివర్స్‌లో వచ్చింది, మందు రంధ్రానికి దగ్గరగా ఉంటేనే త్వరగా అంటుకుంది. నేను కుప్ప పోయను, రంధ్రం పక్కదాకా కొంచెం పోస్తాను, అంతే.

క్యాలిబర్, గొట్టం పొడవు

పెన్సిల్వేనియా ఫ్లింట్‌లాక్ సీజన్‌లో రైఫిల్ 44 క్యాలిబర్‌కి తగ్గకూడదు. క్యాలిబర్ అంటే గొట్టం రంధ్రం వెడల్పు, అంగుళంలో నూరో వంతుల్లో. ఆచరణలో అది 45, 50, 54 మధ్య ఎంపిక. గుండు గొట్టం కంటే కాస్త చిన్నది వేసి, చుట్టూ నూనె పట్టించిన గుడ్డ పెట్టి దిగ్గొడతాం. 45కి వాడే గుండు సుమారు 8 గ్రాములు, 50కి పదకొండున్నర, 54కి పద్నాలుగున్నర. గుండ్రటి సీసం గుండు గాల్లో త్వరగా వేగం కోల్పోతుంది, కాబట్టి దూరంలో దెబ్బ ఉండాలంటే మార్గం ఒక్కటే, గుండు పెద్దది కావాలి.

నా ఓటు 50కి. గుండ్లు, గుడ్డ ముక్కలు, తుడిచే బ్రష్షులు ఏ దుకాణంలోనైనా దొరికేది ఈ సైజుకే. రోజంతా టార్గెట్ మీద కాల్చినా భుజం నొప్పి రాదు, జింకకి సరిపోతుంది. 54 వాళ్లు 'ఇంకొంచెం పెద్దదైతే నష్టమేంటి' అంటారు, వాళ్లు చెప్పేదాంట్లో ఒక విషయం కొత్తవాళ్లకి తట్టదు: గొట్టం బయటి కొలత అదే అయితే, లోపల రంధ్రం పెద్దదయ్యేకొద్దీ ఇనుము తగ్గి రైఫిల్ తేలికవుతుంది. ఎల్క్ లాంటి పెద్ద జంతువు మీద ఆలోచన ఉన్నవాళ్లు 54 తీసుకోండి. 45ని మాత్రం టార్గెట్ ఎక్కువ, వేట తక్కువ అనేవాళ్లకి వదిలేయండి. 32, 36 ఉడతల కోసం, అవి చాలా ముద్దుగా ఉంటాయి గానీ జింక సీజన్‌లో చెల్లవు.

గొట్టం లోపలి మెలి కూడా చూడాలి. గుండ్రటి గుండుకి నెమ్మది మెలి కావాలి, 48 నుంచి 70 అంగుళాలకి ఒక చుట్టు. ఆధునిక పొడుగు బుల్లెట్ల కోసం చేసిన వేగం మెలి గొట్టంలో గుండ్రటి గుండు సరిగ్గా పోదు, చవక రైఫిల్ కొనేటప్పుడు ఈ ఒక్క అంకె అడిగి తీరాలి.

పొడవు విషయంలో అందానికీ, సౌకర్యానికీ గొడవ. అసలు పెన్సిల్వేనియా రైఫిల్ గొట్టాలు 42 నుంచి 46 అంగుళాలు. రెండు గురి మొనల మధ్య దూరం ఎక్కువ కాబట్టి గురి నిలకడగా ఉంటుంది, ముందు బరువు వల్ల చేయి ఊగదు. కానీ అది కారు వెనక సీట్లో అడ్డంగా పట్టదు, చెట్టు మంచె మీద కూర్చుని తిప్పాలంటే ప్రతి కొమ్మకీ తగులుతుంది. మంచె మీద వేటాడేవాళ్లు, పొదల్లో నడిచేవాళ్లు 30 అంగుళాల చుట్టుపక్కల గొట్టం ఉండే యేగర్ రకమో, హాకెన్ (పొట్టి గొట్టపు పాత అమెరికా రైఫిల్) రకమో చూసుకోవడం మేలు. ఇంకోటి, మొదట్లో లావుగా మొదలై మధ్యలో సన్నబడి మూతి దగ్గర మళ్లీ విచ్చుకునే గొట్టాలు ఉంటాయి, చేతిలో పట్టుకుంటే తూకం హాయిగా ఉంటుంది. దిమ్మ నుంచి చేసేవాళ్లకి ఆ వంపుని చెక్కలో కోయడం నరకం, మెషిన్ కిట్ తీసుకునేవాళ్లకి ఆ బాధ లేదు. ఎడమచేతి వాటం వాళ్లు మాత్రం అన్నిటికంటే ముందు ఆ రకం దొరుకుతుందో లేదో కనుక్కోండి, చాలా నమూనాలు కుడిచేతికే ఉంటాయి.

ట్రిగ్గర్ గురించి రెండు మాటలు. రెండు ట్రిగ్గర్లు ఉండే రకంలో వెనకది నొక్కి బిగిస్తే ముందుది తాకీ తాకగానే పేలుతుంది. టార్గెట్‌కి అద్భుతం. డిసెంబర్ చలిలో గ్లవ్స్ వేసుకున్న వేలితో మాత్రం నాకు భయం. వేటకి ఒంటి ట్రిగ్గర్ చాలు.

చెక్క, దాని రంగు

పొదుపు చేయాల్సిన చోటు ఇది. కిట్ అమ్మేవాళ్లు మేపుల్‌ని చారల్ని బట్టి తరగతులుగా విడదీసి ఒక్కో మెట్టుకీ వంద, రెండు వందలు పెంచుతూ పోతారు. చారలు అందం మాత్రమే, బలం కాదు. చూడాల్సింది చేత్తో పట్టుకునే సన్నటి మణికట్టు దగ్గర చెక్క నార నిలువుగా పోతోందా, ఏటవాలుగా బయటికి పోతోందా అని. ఏటవాలైతే అక్కడే విరుగుతుంది. వాల్‌నట్, చెర్రీ కూడా ఇస్తారు, చెర్రీ ఉలికి బాగా లొంగుతుంది. కానీ మేపుల్‌కి రంగు తెప్పించే పాత పద్ధతి ఒకటుంది, దానికోసమైనా మేపుల్ తీసుకోవాలనిపిస్తుంది.

ఇనుము కరిగిన నైట్రిక్ ఆమ్లపు ద్రావణం, లేదా ఇప్పుడు చాలామంది వాడే ఫెర్రిక్ నైట్రేట్, చెక్కకి పూస్తారు. పూయగానే ఏమీ బాగుండదు, పచ్చపచ్చగా, ఆకుపచ్చకీ పసుపుకీ మధ్య ఏదో రంగు, ఇంత కష్టపడి పాడు చేసుకున్నామే అనిపించే రంగు. ఆరాక హీట్ గన్ తీసుకుని మెల్లగా దాని మీద జరుపుతూ పోవాలి. వేడి తగిలిన చోట ఆ పచ్చదనం ఒక గీత గీసినట్టు ఆగి, దాని వెనకాల ఎర్రటి గోధుమరంగు పాకుతూ వస్తుంది, అంతవరకూ కనబడని చారలు ఒక్కొక్కటిగా నల్లగా తేలతాయి. ఎక్కడైనా వేడి తక్కువైతే ఆ ముక్క పచ్చగానే మిగిలిపోయి తర్వాత గుర్తుపట్టేలా ఉంటుంది, కాబట్టి బట్ నుంచి మూతి దాకా తొందర పడకుండా పోవాలి. గాలి బాగా ఆడే చోట, చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకునే ఈ పని. తర్వాత నూనె పెడితే కథ వేరేగా ఉంటుంది. సీసాలో అమ్మే రెడీమేడ్ రంగుతో సరిపెట్టుకోవచ్చు, పని అరపూటలో అవుతుంది. కానీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు మళ్లీ సీసా జోలికి పోరు.

మందు, కాల్పులు

ఫ్లింట్‌లాక్‌కి అసలైన బ్లాక్ పౌడర్ తప్పదు. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటి బదులు మందులు అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, క్యాప్ తుపాకీలో బాగానే ఉంటాయి గానీ చెకుముకి రవ్వకి సతాయిస్తాయి. స్మోక్‌లెస్ పౌడర్ అనేది ఇందులో ఎప్పుడూ, ఏ కొంచెం కూడా, పోయకూడదు. గొట్టం పగిలిపోతుంది. దీనికి మినహాయింపు లేదు.

బ్రాండ్లలో అమెరికా గోఎక్స్, స్విట్జర్లాండ్ స్విస్, జర్మనీ షూట్జెన్ ముఖ్యమైనవి. 2021లో హాడ్గ్‌డన్ కంపెనీ గోఎక్స్ తయారీ ఆపేస్తున్నామనగానే దొరికిన డబ్బా దొరికినట్టు అయిపోయింది. 2022లో ఎస్టీస్ వాళ్లు కొన్నాక మళ్లీ మొదలైంది. స్విస్ శుభ్రంగా, కాస్త బలంగా కాలుతుంది, ఖరీదు ఎక్కువ. నేర్చుకునేటప్పుడు గోఎక్స్ చాలు. రవాణాకి ప్రమాదకర సరుకు చార్జీ విడిగా పడుతుంది కాబట్టి ఒక్క డబ్బా తెప్పించుకుంటే మందు కంటే చార్జీ ఎక్కువనిపిస్తుంది. దగ్గరలోని మజిల్‌లోడర్ క్లబ్బులో చేరితే అందరూ కలిసి పెట్టెగా తెప్పించుకుంటారు. 1933లో పెట్టిన జాతీయ మజిల్‌లోడింగ్ సంఘం ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో పోటీలు జరుపుతుంది. కిట్ కొనే ముందు అక్కడికి ఒక్కసారి వెళ్లి నాలుగు రైఫిళ్లు భుజానికి ఆనించి చూసి వస్తే ఈ వ్యాసం మొత్తం చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

ఎంత మందు పోయాలన్నది గొట్టం తయారీదారు చెప్పిన హద్దుల్లో, తక్కువ నుంచి మొదలుపెట్టి, గుండ్లు కాగితం మీద దగ్గరగా పడే చోట ఆగడం. కొలత పాత్రలో పోసి అక్కడినుంచి గొట్టంలో పోయాలి, మందు దాచుకునే కొమ్ములోంచి నేరుగా పోయకూడదు, లోపల నిప్పు నలుసు ఏదైనా మిగిలి ఉంటే కొమ్మంతా చేతిలో పేలుతుంది. గుండు మందుని తాకేదాకా దిగాలి. మధ్యలో ఆగి ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బే ప్రమాదం ఉంది, అందుకే సరిగ్గా దిగినప్పుడు రామ్‌రాడ్ మూతి దగ్గర ఎక్కడికి వస్తుందో ఒక గీత పెట్టుకుంటారు. ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే మూతిని టార్గెట్ వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలి. తొంగి చూడటాలు, ఊదడాలు వద్దు. లాక్ పక్కనుంచి మంట చిమ్ముతుంది, పక్కన ఎవరినీ నిలబెట్టకండి, కళ్లద్దాలు తీయకండి.

కడగడం కూడా లెక్కలో వేసుకోండి. ఈ మందు మసి తేమని లాగి ఒక్క రాత్రిలో గొట్టానికి తుప్పు పట్టిస్తుంది. కాల్చిన రోజే నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పెట్టాలి. హాకెన్ రకంలో గొట్టం కొక్కెం విప్పితే ఊడి చేతికొస్తుంది, బకెట్లో పెట్టి కడిగేయొచ్చు. పొడుగు పెన్సిల్వేనియా రకంలో సన్నటి పిన్నులు గొట్టాన్ని పట్టి ఉంచుతాయి, మాటిమాటికీ తీస్తే చెక్క చిట్లుతుంది కాబట్టి రంధ్రం మూసి, చెక్క తడవకుండా కడగాలి. ఈ పనికి బద్ధకం అనుకునేవాళ్లు హాకెన్ తీసుకోండి, ఇంకా బద్ధకం అయితే ఫ్లింట్‌లాక్ జోలికే రావొద్దు.

వేటలో దూరం సంగతి. టార్గెట్ మీద ఎంత దూరం కొట్టినా, ఓపెన్ సైట్స్‌తో, గుండ్రటి గుండుతో, జింక మీద నేను పెట్టుకున్న హద్దు 60 గజాలు. అలవాటున్నవాళ్లు 75 అంటారు, కొందరు 100 కూడా. మంచు కురుస్తుంటే లాక్ మీద మైనం పట్టించిన తోలు ముక్క కప్పండి, రంజకం తడిసిందని అనుమానం వచ్చిన ప్రతిసారీ తుడిచి కొత్తది పోయండి. పళ్లెంలో బూడిదరంగు ముద్ద కనబడితే అది అప్పటికే తడిసిపోయినట్టు.

ఇప్పుడు ఆర్డర్ పెట్టేవాళ్లకి ఒక్క మాట. మంచి కిట్లకి వెయిటింగ్ ఉంటుంది, వచ్చాక పనికి కొన్ని నెలలు, ఆ తర్వాత మందు కొలత తేల్చుకోవడానికి ఇంకొన్ని వారాలు పడతాయి. డిసెంబర్ సీజన్ లక్ష్యమైతే సంక్రాంతికే ఆర్డర్ పెట్టండి. వినాయక చవితి దాటాక మేలుకున్నవాళ్లు ఈ ఏడాదికి రెడీమేడ్ తీసుకుని కిట్‌ని వచ్చే ఏటికి వాయిదా వేసుకోవడమే.